కష్టపడి దిగవలెను

యుద్ధవిమానాలు నౌక మీద దిగడం మరీ సులువైపోయిందనీ, ఈ దుస్థితిని ఇకమీదట ఉపేక్షించేది లేదనీ అవతరణ నైపుణ్య పరిరక్షణ మండలి మార్చి నెలలో ఒక ప్రకటన వెలువరించింది. ప్రకటనలో విచారం, ఆందోళన, దృఢసంకల్పం తగుపాళ్లలో ఉన్నాయి. గడచిన ఎనిమిదేళ్లలో ఒక్క విమానమైనా నౌక వెనుక అంచుకు గుద్దుకోలేదన్న సంగతిని మూడో పేజీలో, ఆందోళన కలిగించే అంశాల జాబితాలో, నాలుగోదిగా చేర్చారు.

ఈ ప్రకటన వెనుక ఉన్న పెద్దమనిషి కమాండర్ ఆర్విల్ హాస్కెట్. వర్జీనియా తీరానికి నూరు మైళ్ల దూరంలో అట్లాంటిక్ మీద తిరుగుతుండే ‘ఈథన్ క్రాలీ’ అనే విమానవాహక నౌకలో ఆయనది దిగుడు అధికారి ఉద్యోగం. అంటే నౌక వెనుక భాగాన, ఎడమ అంచున, తెల్ల చొక్కా తొడుక్కుని నిలబడి, దిగే ప్రతి విమానాన్నీ కళ్లారా చూసి, దింపినవాడికి మార్కులు వేయాలి. పూర్వం ఈ అధికారులు చేతుల్లో తెడ్లలాంటివి పట్టుకుని సైగలు చేసేవారు కాబట్టి వాళ్లని తెడ్లు అనేవారు. తెడ్లు పోయి డెబ్బై ఏళ్లయింది గానీ పేరు మాత్రం పోలేదు. తన వంతు వచ్చినప్పుడు తనూ విమానం నడిపే హాస్కెట్ ఇరవై ఒక్క ఏళ్ల అనుభవం గల పెద్ద తెడ్డు.

ఆయన మంచి రోజులు చూసినవాడు. నౌక మీద అడ్డంగా నాలుగు ఉక్కు తాళ్లు పరిచి ఉంటాయి. విమానం తోకకున్న కొక్కెం వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే బతుకు, పట్టుకోకపోతే మళ్లీ గాల్లోకి లేచి ఇంకో చుట్టు. నాలుగింటిలోనూ మూడో తాడు పట్టినవాడు మొనగాడు. దిగినవాడు చెమటలు కక్కుకుంటూ పైలట్ల గదిలోకి వచ్చి నిలబడితే, హాస్కెట్ చిన్న పుస్తకం తెరిచి అందరి ముందూ వాడి పాపాలు చదివేవాడు. మొదట్లో ఎత్తు ఎక్కువైంది, మధ్యలో బెదిరావు, చివర్లో భారం దేవుడి మీద వేశావు, రెండో తాడు, పసుపు. వాడు తల వంచుకునేవాడు. గోడ మీద బోర్డులో వాడి పేరుకి ఎదురుగా పసుపు చుక్క పడేది. బాగా దిగితే ఆకుపచ్చ, సిగ్గుచేటుగా దిగితే గోధుమరంగు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదవకముందే పైలట్లు ఆ బోర్డు చూసుకునేవారు. ఆరువేలమంది ఉన్న ఆ నౌకలో కెప్టెన్ తర్వాత జనం భయపడేది హాస్కెట్ చేతిలోని ఆ పుస్తకానికే.

అప్పట్లో దిగడమంటే అలా ఉండేది మరి. విమానం కాస్త ఎత్తులో ఉందనుకోండి, పైలట్ ఇంజిన్ తగ్గించేవాడు. ఇంజిన్ కాస్త ఆలోచించుకుని తగ్గేది. అది తగ్గేసరికి ముక్కు వాలేది. ముక్కు ఎత్తితే వేగం పడిపోయేది. వేగం కోసం ఇంజిన్ పెంచితే మళ్లీ ఎత్తు. ఒక తప్పు దిద్దబోతే ఇంకో రెండు పుట్టేవి. ఆఖరి పద్దెనిమిది సెకన్లలో పైలట్ చేతులు మూడువందలసార్లు అటూ ఇటూ సర్దేవి. ఆ మూడువందల్లో ఒకటి తప్పితే హాస్కెట్ పుస్తకంలోకి ఎక్కేవాడు, రెండు తప్పితే దినపత్రికలోకి ఎక్కేవాడు.

ఎనిమిదేళ్ల కిందట మేరీలాండ్‌లో ఏదో కిటికీలు లేని గదిలో కూర్చున్న ఇంజనీర్లు ఈ వైభవాన్నంతా పాడుచేశారు. దిగేటప్పుడు రెక్కల వెనుక పలకలు, అంటే ఫ్లాపులు, ఎలాగూ కిందికి వేలాడుతూనే ఉంటాయి కదా, వాటిని ఊరికే వేలాడనివ్వడమెందుకు అన్న దుర్బుద్ధి వాళ్లకి పుట్టింది. ఇప్పుడు పైలట్ ఒక బటన్ నొక్కుతాడు. ఆపైన విమానాన్ని నడిపే కర్రని కొంచెం ముందుకి తోస్తే ఫ్లాపులు కాస్త పైకి లేస్తాయి, రెక్కల బలం ఆ మేరకు తగ్గుతుంది, విమానం ముక్కు కదలకుండా లిఫ్టు దిగినట్టు తిన్నగా దిగుతుంది. వెనక్కి లాగితే ఫ్లాపులు వాలి, విమానం తిన్నగా లేస్తుంది. ఇంజిన్ సంగతి యంత్రమే చూసుకుంటుంది. మూడువందల సర్దుబాట్లు పన్నెండుకి పడిపోయాయి. ఆ పన్నెండు చేస్తూ పైలట్లు మధ్యాహ్నం తిండికి చీజ్‌బర్గర్ ఉందా లేదా అని కూడా ఆలోచించుకోగలుగుతున్నారు.

దీని పర్యవసానాలు మండలి నివేదికలో సవివరంగా ఉన్నాయి. బోర్డు మొత్తం ఆకుపచ్చగా మారింది. పచ్చిక మైదానాన్ని ఎవరు మాత్రం ఎంతసేపు చూస్తారు? చూడటం మానేశారు. బోర్డు కింద పాప్‌కార్న్ యంత్రం పెట్టారు, దాని ఆవిరికి బోర్డు మీది ‘హాస్కెట్’ అన్న పేరులో రెండక్షరాలు ఊడిపోయాయి. మాటలు కరువయ్యాయి. పూర్వం ఒక్క దిగుడు గురించి చేతులతో గాల్లో విమానాలు ఆడిస్తూ గంటసేపు చెప్పుకునేవారు. ఇప్పుడు, ఎలా దిగావు అంటే బాగానే దిగాను అంటారు, అక్కడితో సరి.

అన్నింటికన్నా విచారకరమైనది పేర్ల కరువు. ఈ పైలట్లలో ఒక ఆచారం ఉంది. కొత్తవాడు ఏదైనా ఘనమైన తప్పు చేసేదాకా వాడికి మారుపేరు పెట్టరు, పెట్టాక అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవరు. హాస్కెట్ కొత్తల్లో ఒకసారి తన నౌక అనుకుని పక్కనున్న ఇంకో నౌక మీద దిగి, దర్జాగా కిందికి దిగి, కాఫీ అడిగాడు. ఆనాటి నుంచి ఆయన ‘పక్కిల్లు’. మండలి అధ్యక్షుడు అడ్మిరల్ థార్న్‌వెల్ యువకుడిగా ఉన్నప్పుడు నాలుగుసార్లు తాడు దొరక్క రేడియోలో ఏడ్చాడు, ఆయన ‘ఉల్లిపాయ’. ఇప్పుడు వచ్చే పిల్లలు తప్పు చేస్తే కదా? మూడేళ్లుగా వచ్చినవాళ్లంతా బ్యాంకు గుమస్తాల్లా సొంత పేర్లతో తిరుగుతున్నారు. ఇది దళం సంస్కృతికి గొడ్డలిపెట్టు అని నివేదిక పేర్కొంది.

ఇవి చాలవన్నట్టు విమానాలన్నీ ఒక్కచోటే దిగడం వల్ల మూడో తాడు ముందు నౌక ఒంటికి సొట్ట పడింది. మొదటి తాడు, నాలుగో తాడు కొత్తవి కొత్తగానే ఉండి తుప్పు పడుతున్నాయి. తాళ్ల మధ్య ఈ అసమానతని మండలి తీవ్రంగా పరిగణించింది.

ఇదంతా బయటపెట్టింది హాస్కెట్ రాసిన పదకొండు పేజీల ఉత్తరం. అందులో ఆయన లెఫ్టినెంట్ డానియెల్ పారిష్ వంటి వీరుల త్యాగం వృథా కారాదని రాశాడు. పారిష్ ఆయన గదిలోనే ఉండేవాడు. ఏ పనైనా రేపు చేస్తాననేవాడు, రాయవలసిన రిపోర్టులు నెలల తరబడి రాయక పైఅధికారితో తిట్లు తిన్నాడు కాబట్టి వాడి మారుపేరు ‘వాయిదా’. పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఫిబ్రవరి సాయంత్రం వాడి విమానం పన్నెండు అడుగులు కిందికి వచ్చి నౌక వెనుక అంచుకి గుద్దుకుంది. ఆ వెనకే వరసలో, గాల్లో, తన వంతు కోసం చూస్తున్నది హాస్కెట్. ఆ మంటని చుట్టి వచ్చి, ఆ పక్కనుంచే ఆయన దిగాడు. పారిష్ బతికి ఉంటే ఈ బటన్ గురించి ఏమనేవాడన్నది ఉత్తరంలో లేదు. బటన్ అమర్చిన మొదటి రోజు నుంచీ, ఎనిమిదేళ్లుగా, ప్రతి దిగుడికీ హాస్కెట్ దాన్ని నొక్కుతూనే ఉన్నాడన్న విషయం కూడా స్థలాభావం వల్ల చేర్చలేదు.

ఉత్తరం అందిన వారం లోపలే మండలి ఏర్పడింది. మొదటి సమావేశంలో అడ్మిరల్ థార్న్‌వెల్ లేచి ప్రసంగించారు.

“మన తాతలు కష్టపడి దిగారు. మన తండ్రులు కష్టపడి దిగారు. కొందరు దిగలేదు కూడా, వారికి నివాళులు. ఆ కష్టాన్ని మనం మన పిల్లలకి అందించకపోతే చరిత్ర మనల్ని క్షమించదు. నేను నాలుగుసార్లు ఏడ్చాను. అందుకే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.”

సభ్యులు చప్పట్లు కొట్టారు. వారిలో నౌక మీద దిగడం తెలిసినవారు ఇద్దరు, నౌక ఎక్కినవారు ఐదుగురు.

అయితే బటన్‌ని ఏకంగా నిషేధించడానికి చిన్న ఇబ్బంది ఎదురైంది. నిషేధించాక ఎవరైనా చస్తే మండలి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. అందుకని నిషేధించలేదు, సిగ్గుపడవలసిన విషయంగా ప్రకటించారు. ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం బటన్ నొక్కడం ‘సహాయం పొందడం’ అవుతుంది. సహాయం పొందినవారు మూడో తాడు పట్టినా పసుపు చుక్కే. వరసగా పది పసుపులు పడినవారు విమానం నడపడానికి తగునా కాదా అన్నది ఒక విచారణ సంఘం తేలుస్తుంది. పొందిన సహాయాన్ని పైలట్ తనంతట తానే ఫారంలో రాయాలి. ఇది వారి ఆత్మగౌరవానికి వదిలిపెట్టబడినది.

ఆత్మగౌరవం గొప్పది. నిబంధన వచ్చిన మర్నాటి నుంచి ఈథన్ క్రాలీ నౌకలో బటన్ నొక్కినవాడు ఒక్కడూ లేడు. విమానాలు మాత్రం అదివరకటిలాగే లిఫ్టు దిగినట్టు దిగుతూ వచ్చాయి. దాంతో హాస్కెట్‌కి మళ్లీ పని దొరికింది. బటన్ నొక్కితే ఫ్లాపులు దిగినంతసేపూ చిన్నగా ఆడుతుంటాయి, చేప మొప్పలు ఆడినట్టు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత ఆయన పుస్తకం తెరిచాడు, పాప్‌కార్న్ యంత్రాన్ని అవతలికి జరిపించాడు, ఊడిపోయిన రెండక్షరాలూ రాయించాడు. పైలట్లు మళ్లీ ఆయన ముందు నిలబడి తల వంచారు. ఆయనకి పదేళ్లు తగ్గినట్టనిపించింది.

పైలట్లు కూడా ఊరుకున్నవాళ్లు కాదు. దూరంగా ఉన్నప్పుడు బటన్ లేకుండా విమానాన్ని తాగినవాడిలా తూలించి, ఆఖరి నాలుగు సెకన్లలో గుట్టుగా బటన్ నొక్కి దిగడం నేర్చారు. తూలడంలో రకాలు వచ్చాయి. తూగుటుయ్యాల, గుటక, పశ్చాత్తాపం అని వాటికి పేర్లు పెట్టుకున్నారు. బాగా తూలినవాడిని హాస్కెట్ పొగిడేవాడు. నీ దిగుడులో పాతకాలపు నిజాయితీ కనబడుతోందయ్యా అనేవాడు. వాడు వినయంగా నవ్వేవాడు. పై వారానికల్లా పాతవాళ్లు కొత్తవాళ్లకి తూలడంలో శిక్షణ ఇవ్వసాగారు. నైపుణ్యం పునరుద్ధరణ పొందుతున్నదని మండలి మొదటి నెలవారీ నివేదికలో సంతృప్తి వ్యక్తం చేసింది.

ఈ సంతృప్తికి అడ్డు వచ్చినది లెఫ్టినెంట్ మారెన్ ఓస్ట్‌బీ. మినసోటాలో పాడిపశువులున్న రైతు కూతురు. మాట తక్కువ. నౌక మీద ఎనభై ఒక్కసారి దిగితే డెబ్బై తొమ్మిదిసార్లు మూడో తాడే. ఆమె బటన్‌ని మొదట్లోనే నొక్కేది, నొక్కానని రేడియోలో చెప్పేది, దిగాక ఫారంలో రాసేది. వరసగా ముప్ఫై మూడు పసుపు చుక్కలు పడ్డాయి. బోర్డులో ఆమె వరస ఒక్కటే ఆవాల చేనులా మెరుస్తుండేది. విచారణ సంఘం జులైలో కూర్చోబోతోంది. ఆలోగా ఆమెను దిగుడు అధికారుల అరుగు మీద నిలబెట్టి, ఇతరులు దిగడం చూసి బుద్ధి తెచ్చుకొమ్మన్నారు.

హాస్కెట్‌కి ఆమె మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే అంత చక్కగా దిగేవాళ్లని ఆయన ఇరవై ఒక్క ఏళ్లలో చూడలేదు. ఒకరోజు అరుగు మీద పక్కకి పిలిచి, కొంచెం తూలమ్మా, నీ సొమ్మేం పోయింది అన్నాడు.

“సర్, మా నాన్న పాలు పితికే మెషీన్ కొన్నాడు,” అంది ఆమె. “కొన్నాక ఎవరైనా చూస్తున్నారని బకెట్ పట్టుకుని ఆవు కింద కూర్చోలేదు.”

“ఇది ఆవు కాదు ఓస్ట్‌బీ.”

“కాదు సర్. ఆవైతే తంతుంది, అంతే. ఇది చంపుతుంది.”

హాస్కెట్ బైనాక్యులర్స్ తుడుచుకున్నాడు.

జూన్ నెలలో నైపుణ్య పునరుజ్జీవన దినం జరపాలని మండలి తీర్మానించింది. అడ్మిరల్ హెలికాప్టర్‌లో వస్తారు, ఫోటోగ్రాఫర్లు వస్తారు, నిబంధనల రూపశిల్పి అయిన కమాండర్ హాస్కెట్ సహాయం పొందకుండా స్వయంగా దిగి చూపిస్తారు. ఆఖరి అంశం ఆయనని అడగకుండానే కార్యక్రమ పత్రంలో అచ్చయింది. అచ్చు చూసి ఆయన ఆ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వద్దని ఒక్క మాట అంటే చాలు. ఎందుకు వద్దని అడుగుతారు, అక్కడే వచ్చింది చిక్కు. నడుము నొప్పి అందామా అని రెండు రోజులు ఆలోచించి, డాక్టరు నడుము చూస్తాడని మానుకున్నాడు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. నౌక వెనుక భాగం అలల మీద పది అడుగులు లేచి పది అడుగులు పడుతోంది. అరుగు మీద ఉండవలసిన అధికారులంతా ఫోటోల్లో పడటానికి అడ్మిరల్ వెనుక, పై అంతస్తులో నిలబడ్డారు. కింద అరుగు మీద మిగిలింది పసుపు చుక్కల ఓస్ట్‌బీ, ఆమె చేతిలో, దిగవద్దు పైకి పొమ్మని పైలట్‌కి చెప్పే ఎర్రదీపాల మీట, చెవి దగ్గర ఫోను.

హాస్కెట్ బటన్ జోలికి పోకుండా వచ్చాడు. మొదటిసారి భయం కొద్దీ ఎత్తులో వచ్చాడు. నాలుగు తాళ్లూ కొక్కేనికి అందకుండా వెనకనే ఉండిపోయాయి. విమానం నౌకని ముద్దుపెట్టుకుని మళ్లీ గాల్లోకి లేచింది. పైన అడ్మిరల్ పక్కవారితో, చూశారా, అసలైన దిగుడంటే ఇదీ, మా రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేది అన్నారు. ఫోటోగ్రాఫర్లు ఎగబడి ఫోటోలు తీశారు.

రెండోసారి ఆ ఎత్తు దిద్దుకోబోయి ఇంజిన్ తగ్గించాడు. ఇంజిన్ ఆలోచించుకుంటోంది. ముక్కు వాలింది. ఎత్తాడు. వేగం పోయింది. చేతులు మూడువందలు లెక్కపెట్టడం మరిచిపోయి ఎనిమిదేళ్లయింది. నౌక వెనుక అంచు పైకి లేచింది, ఆయన కిందికి జారాడు, ఆ ఇనప గోడ తిన్నగా కళ్ల ఎదురుగా నిలబడింది. పారిష్ ఆఖరుసారి చూసింది ఇదేనని ఆయనకి తెలిసింది. వాడు చచ్చిపోయినందుకు ఇన్నేళ్లూ ఏడ్చాడు గానీ, వాడెంత భయపడి ఉంటాడో అని ఒక్కసారీ అనుకోలేదు.

ఎర్రదీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి.

“పవర్ పెంచండి సర్,” అంది ఓస్ట్‌బీ గొంతు. కంగారు లేదు. “పైకి పొండి. ఇంకా పైకి. అంతే. వెళ్లిపోండి.”

ఇంజిన్ల మంట అంచుని రాసుకుంటూ పోయింది. పై అంతస్తులో చప్పట్లు మోగాయి. ఇంత గొప్ప పోరాటాన్ని ఈ మధ్యకాలంలో చూడలేదని ఒక సభ్యుడు కళ్లు తుడుచుకున్నాడు.

మూడోసారి తిరిగి వస్తున్నప్పుడు హాస్కెట్ బొటనవేలు ఆయనని అడగలేదు. నొక్కింది. ఫ్లాపులు ఆడాయి. ముక్కు నిలిచింది. నౌక అంచున ఉండే దారి చూపే దీపం తిన్నగా కనబడింది. చల్లగా, తిన్నగా, లిఫ్టు దిగినట్టు దిగి మూడో తాడు పట్టాడు. లోపల కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు, బతికినందుకు. ఏడుపు రేడియోలో వినబడలేదు కాబట్టి ఆయన మారుపేరు మార్చవలసిన అవసరం రాలేదు.

అడ్మిరల్ ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. ఆ తర్వాత ఓస్ట్‌బీ మెట్ల దగ్గర హాస్కెట్‌ని కలిసింది.

“సర్, ఎందుకు నొక్కారని నేను అడగను. నొక్కినందుకు సంతోషించాను, ఒట్టు. కానీ అరుగు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. పుస్తకం నేనే రాయాలి.”

“రాయి,” అన్నాడు హాస్కెట్. అని, రెండు మెట్లు దిగి, “పొగమంచులో నీకు సరిగ్గా కనబడలేదేమో కదా,” అన్నాడు.

ఆమె ఆకాశం వంక చూసింది. ఎండ కాస్తోంది.

ఆచారం ప్రకారం పైలట్ల గదిలో అందరూ కూర్చున్నారు. హాస్కెట్ నిలబడ్డాడు. అడ్మిరల్ చేతిలో పాప్‌కార్న్ పొట్లం. ఓస్ట్‌బీ పుస్తకం తెరిచి, ఇన్నాళ్లూ ఆయన ఇతరులకి చదివిన గొంతుతోనే చదివింది. మొదటిసారి, ఎత్తు, తాడు లేదు. రెండోసారి, మరీ కింద, ఎర్రదీపాలు. మూడోసారి, బటన్, మూడో తాడు, పసుపు. గదిలో పాప్‌కార్న్ నమలడం ఆగిపోయింది. అందరూ హాస్కెట్ మొహం చూశారు. అవునంటే అయిపోయేది. ఆ ఒక్క మాటకి ముప్ఫై మూడు పసుపు చుక్కలు చెరిగిపోయేవి, నిబంధనలు చిరిగిపోయేవి, రేపటి నుంచి ఎవడూ తూలనక్కరలేకపోయేది. హాస్కెట్ నోరు తెరిచాడు. గోడ మీద కొత్తగా రాయించిన తన పేరు కనబడింది.

“నాకు గుర్తులేదు,” అన్నాడు.

ఇంత సిగ్గుమాలిన మాట ఆయన అంతకు ముందెప్పుడూ అనలేదు. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా బాగా ఆయనకే తెలుసు.

విచారణ నిష్పాక్షికంగా జరిగింది. విమానంలోని యంత్రం బటన్ నొక్కిన సెకనుతో సహా చెప్పింది. మండలి ఆ సాక్ష్యాన్ని కూలంకషంగా పరిశీలించి కొన్ని నిర్ణయాలకు వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు గల అధికారి బొటనవేలు దానంతట అది కదిలితే దానిని సహాయం అనరాదు, అనుభవం అనవలెను. ఇకపై కమాండర్, ఆ పై హోదా గల అధికారుల విమానాల్లో ఆ బటన్ మీద ‘అనుభవం’ అని రాసి ఉంచవలెను. నిబంధనలు తక్కినవారికి యథాతథంగా వర్తించును. అంత దూరం నుంచి ఫ్లాపుల కదలికను చూశానంటున్న లెఫ్టినెంట్ ఓస్ట్‌బీకి కంటి పరీక్ష జరిపించవలెను.

కంటి పరీక్ష జరిగింది. అందరూ ఇరవై అడుగుల నుంచి చదివే అక్షరాలు ఆమె నలభై అడుగుల నుంచి చదివింది. డాక్టరు మంచివాడు, ఉద్యోగం మీద ఆశ ఉన్నవాడు. ‘అవసరానికి మించిన చూపు’ అని రాశాడు. ఆ కారణం మీద ఆమెను నౌక నుంచి తప్పించి ఒడ్డు మీద ఒక ఆఫీసుకు వేశారు. తూలడంపై శిక్షణా గ్రంథం సంకలనం చేయడం ఆమె కొత్త బాధ్యత.

వెళ్లే ముందు రోజు పైలట్ల గదిలో చిన్న వేడుక చేశారు. మూడేళ్ల తర్వాత మొదటిసారిగా ఒక కొత్త పైలట్ అందరూ ఒప్పుకునే ఘనమైన తప్పు చేసింది కాబట్టి మారుపేరు పెట్టే అవకాశం వచ్చింది. ‘కళ్లజోడు’ అని పెట్టారు. ఆ పేరు కుట్టిన గుడ్డముక్కని ఆచారం ప్రకారం పెద్ద తెడ్డు చేతుల మీదుగా ఇప్పించారు.

హాస్కెట్ ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“ఎనభై ఒక్కసార్లు సరిగ్గా దిగితే పేరు రాలేదు సర్,” అంది. “ఒక్కసారి సరిగ్గా చూస్తే వచ్చింది.”

అందరూ నవ్వారు. హాస్కెట్ కూడా నవ్వబోయాడు. ఆమె లేకపోతే తను ఈ గదిలో ఉండేవాడు కాదన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట అనడానికి రేపు పొద్దున ఒడ్డుకి వెళ్లే విమానం దగ్గరైతే బాగుంటుందనుకున్నాడు. పొద్దున వెళ్లేసరికి విమానం వెళ్లిపోయింది. ఆ తర్వాత ఉత్తరం రాద్దామనుకున్నాడు, ఇంకా అనుకుంటూనే ఉన్నాడు. ‘వాయిదా’ అన్న పారిష్ మారుపేరు ఆ నౌకలో ప్రస్తుతం ఎవరూ వాడటం లేదు గానీ, దానికి హక్కుదారు ఉన్నాడు.

శిక్షణా గ్రంథం రాయవలసిన కళ్లజోడు మొదటి పేజీలో ‘బటన్ నొక్కండి’ అని రాసి, మిగతా పేజీలు ఖాళీగా వదిలి, రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది. ఇప్పుడు ప్రయాణికుల విమానం నడుపుతోంది.

మీరు ఆ విమానం ఎక్కే ఉంటారు. గుర్తులేదా? గుర్తుండదు. చక్రాలు నేలకి తగిలింది కూడా తెలియకుండా దిగింది, మీరు ఫోను చూసుకుంటున్నారు. మొన్నటికి మొన్న గాలివానలో రన్‌వే మీద రెండుసార్లు ఎత్తి కుదేసి, ముందు సీట్లో పిల్ల వాంతి చేసుకునేలా దింపిన ఆయన మాత్రం మీకు బాగా గుర్తు. విమానమంతా చప్పట్లు కొట్టారు, మీరు తలుపు దగ్గర ఆగి ఆయన చేయి పట్టుకుని ఊపి ఫోటో దిగారు, ఇంటికొచ్చిన ప్రతివారికీ ఆ ఫోటో చూపించి పైలటంటే ఆయనేనండీ అని చెబుతున్నారు. తెలియకుండా దిగిన ఆ విమానంలో కూడా తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది, పేరు అడిగితే చెప్పేది. మీరు బ్యాగు దించుకునే హడావుడిలో ఉన్నారు.